గాడిద ఆయంలో కట్టిన డబ్బా

పోయిన నెలలో ఒక ఆదివారం పొద్దున యాకూబ్ కాక భూపాలపల్లి నుంచి ఫోన్ చేశాడు. "బండి అమ్ముతున్న బేటీ. కొనేటాయనకు పాటల సామాను అక్కరలేదట. డిక్కీల మీ బాపు చేసిన డబ్బా ఉన్నది. దాన్ని పారేసుడు నాతోని కాదు. జర నువ్వొచ్చి తీస్కపో" అన్నాడు. యాకూబ్ కాక మాకు చుట్టం కాదు. జనగామలో మా వాడకట్టులోనే ఉండి ట్యాక్సీ నడిపేవాడు. కొడుక్కి బొగ్గుబావిలో ఉద్యోగం వచ్చాక ఇల్లు భూపాలపల్లికి మార్చాడు. మా బాపును అన్నా అని పిలిచేవాడు కనుక నాకు కాక అయ్యాడు, అంతే. నేనిప్పుడు మహబూబాబాద్‌లో బడిపిల్లలకు లెక్కలు చెబుతాను. మర్నాడు సెలవు పెట్టి నర్సంపేట మీదుగా పోయే బస్సెక్కాను. కిటికీ పక్క సీటే దొరికింది గాని దారి చూసింది తక్కువ. ఆ డబ్బా విషయంలో నేను బాపుకు ఒక అబద్ధం చెప్పాను. బాపు పోయి నాలుగేళ్లయినా అది నా కడుపులో అరగలేదు.

మా బాపు సదానందం వడ్రంగి. ఇంటి ముందు రేకుల షెడ్డు, వెనక రెండు గదులు, వాటి వెనక అమ్మ పొయ్యి. షెడ్డుకూ పొయ్యికీ మధ్య ఎప్పుడూ తగాదానే. బాపు సరేసు ఉడికించాడంటే ఆ బంక వాసన అన్నం కుండ దాకా వచ్చేది. "నీ బంక కంపుకు నా పప్పు పాడైతున్నది" అని అమ్మ అరిచేది. టేకు పొట్టు వాసన మాత్రం అమ్మకు ఇష్టం. సాయంత్రం ఊడ్చేటప్పుడు ఒక గుప్పెడు ఎత్తి వాసన చూసుకుని మరీ బస్తాలో పోసేది. నీళ్లు కాగడానికి ఆ పొట్టే ఆధారం కాబట్టి మా ఇంట్లో స్నానం చేసిన ఎవరి వెంట్రుకల్లోనైనా టేకు పొగ ఉండేది. బళ్లో పిల్లలు నన్ను దూరం నుంచే గుర్తుపట్టేవాళ్లు. అప్పుడు సిగ్గుపడేదాన్ని. ఇప్పుడు ఏ ఫర్నిచర్ దుకాణం ముందు నుంచి పోయినా కాళ్లు వాటంతటవే ఆగుతాయి, లోపల వార్నిష్ కంపు తప్ప ఏమీ ఉండదని తెలిసి కూడా.

నాకు లెక్కలు వచ్చింది బడిలో కాదు, ఆ షెడ్డులో. బాపు ఏది చేసినా ముందు ఆయం చూడాలి. దర్వాజకైనా, మంచానికైనా పొడవునూ వెడల్పునూ అంగుళాల్లో గుణించి, వచ్చిన దాన్ని తొమ్మిదితో హెచ్చించి, ఎనిమిదితో భాగించాలి. మిగిలిందే ఆయం. ఒకటి మిగిలితే జెండా, రెండు పొగ, మూడు సింహం, నాలుగు కుక్క, ఐదు ఎద్దు, ఆరు గాడిద, ఏడు ఏనుగు, ఏమీ మిగలకపోతే కాకి. బేసి సంఖ్యలు మంచివి, సరి సంఖ్యలు పనికిరావు. కుక్క ఆయంలో దర్వాజ పెడితే ఆ ఇంట్లో ఎప్పుడూ కొట్లాటే అని బాపు నమ్మకం. కొలతలు పిలవడం ఆయన పని, భాగించడం నా పని. "ఎంత మిగిలింది బిడ్డా?" అని కర్ర మీద నుంచి తల ఎత్తకుండా అడిగేవాడు. నేను బలపం పట్టిన రెండో ఏటి నుంచీ ఇదే వరస. మూడో తరగతిలో పంతులు నల్లబల్ల మీద భాగహారం వేసి శేషమెంత అని అడిగితే నేను లేచి "కుక్క" అన్నాను. దానికి దెబ్బలు పడ్డాయి. బాపుకు చెబితే పడీపడీ నవ్వి, "నాలుగే గదా, కరెక్టే చెప్పినవు" అన్నాడు. తొమ్మిదితో హెచ్చించినా మానినా మిగిలేది ఒకటేనని ఇంటర్‌లో కనిపెట్టి పెద్ద గొప్పగా ఆయనకు వివరించాను. "పెద్దలు పెట్టిన్రు. నీకేం బరువా? గుణించు" అన్నాడు.

నేను డిగ్రీలో చేరేనాటికి ఆయన గొంతులో ఆ ప్రశ్న వినపడటం తగ్గిపోయింది. ఒకప్పుడు లింగాల ఘనపూర్ నుంచి నాగళ్లకూ, రఘునాథపల్లి నుంచి దర్వాజలకూ మనుషులు వచ్చి మా షెడ్డులో కూర్చుని చాయ తాగి పోయేవాళ్లు. పట్నం నుంచి తయారైన తలుపులు లారీల్లో దిగడం మొదలయ్యాక వాళ్లు మా ఇంటి ముందు నుంచే పోతూ తల తిప్పుకునేవాళ్లు. పాపం, వాళ్లకూ మొహమాటమే. బాపు మాత్రం పొద్దున్నే స్నానం చేసి, షెడ్డులో కూర్చుని, ఉలులన్నీ సానరాయి మీద ఒక్కొక్కటే నూరేవాడు. నిన్న నూరినవే. పని లేని ఉలికి మళ్లీ పదును ఎందుకని ఒకరోజు నోరు జారాను. ఆ రోజంతా ఆయన నాతో మాట్లాడలేదు. అమ్మ నన్ను పక్కకు పిలిచి, "గా మనిషిని ఎవరన్న పనికి పిలిస్తే బాగుండు, పైసలియ్యకున్నా సరే" అన్నది. అమ్మ నోట ఆ మాట వినడం నాకు అదే మొదటిసారి.

అవి తెలంగాణ కోసం ఊళ్లకు ఊళ్లు రోడ్డెక్కిన రోజులు. మా కాలేజీకి తాళం పడింది. రోడ్డు మీదే వంటావార్పు, రోడ్డు మీదే ఆటాపాటా. ఊరేగింపులకు యాకూబ్ కాక ట్యాక్సీ ముందు నడిచేది, దాంట్లో పాటలు మోగేవి. ఒక మధ్యాహ్నం ఆయన మా షెడ్డు ముందు బండి ఆపి, డిక్కీలోంచి గోనెసంచిలో చుట్టిన వస్తువు తీసి బాపు ముందు పెట్టాడు. పన్నెండంగుళాల పెద్ద స్పీకర్. హైదరాబాద్‌లో పాత సామాన్ల దగ్గర పట్టాడట. "అన్నా, బండ్ల ఉన్న చిన్న స్పీకర్లల్ల డప్పు కొడ్తే రేకు డబ్బా కొట్టినట్టు ఇనొస్తున్నది. ఎన్కట మన సినిమాలల్ల మన మాటను ఎట్ల ఎక్కిరిచ్చిన్రో గీ స్పీకర్లు మన డప్పును గట్లనే ఎక్కిరిస్తున్నయి. డప్పు అంటే గుండెల పడాలె. దీనికి డబ్బా కావాలె. తయారైన డబ్బా తెద్దమంటే బంద్‌లు. నువ్వు చేస్తవా? ఎల్లుండి కాదు ఆ ఎల్లుండి మానుకోటల సభ" అన్నాడు. మహబూబాబాద్‌ను మేమంతా మానుకోట అనే అంటాం. బాపు ఆ స్పీకర్‌ను ఒళ్లో పెట్టుకుని చంటిపిల్లను చూసినట్టు చుట్టూ తిప్పి చూశాడు. "డబ్బానే గదా. చేస్త" అన్నాడు. లోపల అమ్మ అడగకుండానే చాయకు నీళ్లు పెట్టింది.

స్పీకర్‌తో ఒక కాగితం వచ్చింది. దాని మీద డబ్బా బొమ్మ, మూడు కొలతలు. ముఖం ఇరవై రెండుకు పదమూడు అంగుళాలు, లోతు తొమ్మిది. బాపు కాగితం నా చేతికిచ్చి అలవాటుగా అడిగాడు. "ఇరవై రెండుకు పదమూడు. ఎంత మిగిలింది బిడ్డా?"

"ఆరు" అన్నాను.

ఆయన ఉలి కింద పెట్టేశాడు. "గాడిదనా? గాడిద ఆయంల కడ్తే గాడిదోలెనే ఒర్రుతది. మానుకోటల నా పరువు పోతది."

"బాపూ, ఇది దర్వాజ కాదు. కాయితంల ఎట్లున్నదో గట్లనే చెయ్యాలె" అన్నాను. యాకూబ్ కాక కూడా నసిగాడు. బాపు వినలేదు. "కొంచెం పెద్దగైతే ఏమైతది? లోపట గాలి మంచిగ ఆడుతది" అని ఇరవై ఏడుకు పదిహేను పెట్టాడు. ఐదు మిగిలింది, ఎద్దు. ఎద్దు అయితే గట్టిగా నిలబడుతుందని ఆయనకు సంబరం. చిల్పూర్‌లో కూల్చిన ఇంటి నుంచి తెచ్చి దాచుకున్న పాత టేకు చెక్కలు బయటికి తీశాడు. ఒక్క మేకు లేకుండా, పండ్లలో పండ్లు కూర్చున్నట్టు అతుకులు చెక్కాడు. వడ్లు దాచే సందుగ పెట్టెకు పెట్టినట్టు వెనకవైపు రెండు చిన్న బెజ్జాలు కూడా పెట్టాడు, కర్రకు గాలి తగలాలని. రెండు రోజుల పని ఒక రోజున్నరలో అయింది. చాలా రోజుల తర్వాత ఆయన పని చేస్తూ కూనిరాగం తీయడం విన్నాను. ఆ డబ్బా ఎంత అందంగా ఉందంటే, అమ్మ దాని మీద చెయ్యి వేసి, "దీన్ల స్పీకర్ ఎందుకు, పట్టుచీరలు పెట్టుకోవచ్చు" అన్నది.

సాయంత్రం బండిలో బిగించి పాట పెట్టారు. డప్పు రాలేదు. బుస్సుమని గాలి వచ్చింది. వెనక బెజ్జాల ముందు చెయ్యి పెడితే అరచేతికి ఊదినట్టు తగిలింది. వాడకట్టు జనం మూగి ఉన్నారు. ఎవరో కిసుక్కున నవ్వారు. బాపు చెవులు ఎర్రబడ్డాయి. కర్రకు గాలి కావాలని నేర్చుకున్న మనిషికి, ఈ డబ్బాకు చీమ దూరేంత సందు కూడా ఉండకూడదని ఎవరు చెబుతారు? మర్నాడు పొద్దున్నే అమ్మ చింతగింజలు వేయించి, దంచి, చిక్కటి అంబలి కాచింది. బాపు పాత ధోవతి చింపి పట్టీలు చేసి, ఆ అంబలిలో ముంచి అతుకులన్నిటికీ లోపల అంటించాం. బెజ్జాలు బిరడాలతో మూశాం. ఎండలో పెట్టి మధ్యాహ్నానికి మళ్లీ బిగించారు. ఈసారి బుస లేదు. కాని డప్పు దెబ్బ తగిలినట్టు తగలకుండా, నానిన చర్మం మీద కొట్టినట్టు, మెత్తగా, ఆలస్యంగా మూలిగింది. యాకూబ్ కాక మంచివాడు. "మంచిగనే ఉంది అన్నా, చాలు" అన్నాడు. ఆ చాలు అన్న మాట ఆయన అనకుండా ఉండాల్సింది. బాపు డబ్బా ఊడదీసి షెడ్డులోకి తెచ్చుకుని దాని ఎదుట కూర్చున్నాడు. అమ్మ పిలిచినా అన్నానికి లేవలేదు. తెల్లారితే సభ. ఇది గనక పోతే ఆయన మళ్లీ ఉలి పట్టడని నాకు అర్థమైంది. సానరాయి మీద నూరడం కూడా మానేస్తాడు. నాకు నిజంగా భయమేసింది.

కొంతసేపటికి ఆయనే అన్నాడు. "ఎద్దు గాదు, ఏనుగు పెట్టాలె. ఇరవై ఐదుకు పదిహేను ఎంత?" ఏడు మిగులుతుంది, ఏనుగే. కాని ఆ కొలతకు డబ్బా ఇంకా పెద్దదే, అది మళ్లీ మూలుగుతుంది. నేను కాగితం తీసుకుని గోడ వైపు తిరిగి చాలాసేపు లెక్క చేస్తున్నట్టు నటించాను. తర్వాత ఆయన వైపు తిరిగాను.

"బాపూ, మొన్న నేను తప్పు చెప్పిన. ఇరవై రెండుకు పదమూడు మళ్లా చేసిన. ఆరు కాదు, ఐదు. ఎద్దే."

ఆయన తల ఎత్తి నన్ను చూశాడు. "నువ్వు తప్పు జేసినవా? లెక్కల?"

"చేసిన. తొందరల."

"పక్కానా?"

"పక్కా."

ఆయన కాసేపు కాగితం చూసి, ఒళ్లు విరుచుకుని లేచాడు. "అయితే ఇంకేంది, ముందే చెప్పొద్దా?" అని చెక్కల మీద కొత్త గీతలు గీశాడు. రెండు పక్కల నుంచీ సమంగా కోసి, అతుకులు మళ్లీ చెక్కి, అంబలి పట్టీలు మళ్లీ వేసి, పొద్దు కుంకకముందే చిన్న డబ్బా తయారు చేశాడు. నేను పట్టీలు అందిస్తూనే ఉన్నాను గాని ఆయన కళ్లలోకి చూడలేదు. ఏళ్ల తరబడి నా నోటి మాట మీద దర్వాజలు నిలబెట్టిన మనిషి. ఆయన నన్ను నమ్మిందే ఆ ఒక్క విషయంలో, నేను మోసం చేసిందీ అందులోనే.

మర్నాడు మానుకోటకు బాపునూ నన్నూ కాక తన బండిలోనే తీసుకుపోయాడు. రోడ్డు మీద ఒకవైపు పొయ్యిలు, పెద్ద గుండిగల్లో అన్నం, ఇంకోవైపు జనం. కాక డిక్కీ తలుపు ఎత్తి పాట పెట్టాడు. మొదటి దెబ్బ పడగానే నా ఛాతీ అదిరింది. అది డప్పే. నేల మీద నిలబడి కొట్టినట్టు, కట్టె చర్మానికి తగిలిన చోటు కూడా తెలిసేటట్టు. తండాల నుంచి వచ్చిన ఆడవాళ్లు తమ భాషలో ఏదో అనుకుని నవ్వుతూ చేతులు కలిపి బండి చుట్టూ తిరగడం మొదలుపెట్టారు. ఒక పెద్దావిడ బండి అద్దం మీద అరచెయ్యి ఆనించి, తెలుగులో, "లోపట ఎవరన్న కూసోని కొడుతున్నరా?" అని అడిగింది. కాక బాపును భుజం పట్టుకుని ముందుకు తోశాడు. "లోపట ఎవరు లేరవ్వా. కొట్టేటోడు గీ మా అన్ననే." బాపు సిగ్గుపడి కండువాతో ముఖం తుడుచుకున్నాడు. తుడుచుకున్నది చెమట కాదని నాకు తెలుసు. నాకు ఎంత ఆనందమో అంత బాధ. సభలో ఎవరు ఏం మాట్లాడారో ఒక్క ముక్క గుర్తు లేదు.

ఆ తర్వాత జనగామ ఆటోవాళ్లు, ట్యాక్సీవాళ్లు మా షెడ్డుకు రావడం మొదలైంది. ఏడెనిమిది డబ్బాలు చేసుంటాడు. డబ్బాల కోసం వచ్చినవాళ్లలో కొందరు మెల్లగా దర్వాజలకూ వచ్చారు. ప్రతి డబ్బాకూ చెక్క ముందు పెట్టుకుని, కొలత మారకపోయినా, బాపు అదే లెక్క అడిగేవాడు. "ఇరవై రెండుకు పదమూడు. ఎంత మిగిలింది బిడ్డా?" ప్రతిసారీ ఐదు అన్నాను. ఒక్కసారి చెబితే పోయేదాన్ని ఏడెనిమిదిసార్లు చెప్పించాడు. ఒకట్రెండుసార్లు ఆయన మీసం కింద ఏదో కదిలినట్టు అనిపించింది గాని పట్టించుకోలేదు.

భూపాలపల్లిలో కాక ఇంటి ముందు వేపచెట్టు కింద డబ్బా కడిగి ఆరబెట్టి ఉంది. కాక గడ్డం పూర్తిగా తెల్లబడింది. కాక భార్య, మా చిచ్చి, చాయ ఇచ్చి లోపలికి పోయింది. నేను చాయ చేతిలో పట్టుకునే చెప్పేశాను. "కాకా, బాపుకు నేను అబద్ధం చెప్పిన. ఇది ఎద్దు ఆయం కాదు. గాడిదే."

కాక దగ్గు వచ్చేదాకా నవ్వాడు. "తెల్సు బేటీ. సభకు పోయే పొద్దుగాల బండికి బిగించేటప్పుడే మీ బాపు నాకు చెప్పిండు."

"బాపుకు ఎట్ల తెలుస్తది? లెక్క చేసేది నేను గదా?"

"పాగల్. నువ్వు పుట్టకముందు ఎవరు చేసిన్రు మరి?"

నేను బలపం పట్టినప్పటి నుంచీ లెక్కలతో బతుకుతున్నదాన్ని. ఇంత చిన్న ప్రశ్న నాకు ఎన్నడూ తట్టలేదు. నేను పుట్టకముందు కూడా బాపు దర్వాజలు చేశాడు. కాక చాయ గిన్నె కింద పెట్టి, బాపు గొంతు తెచ్చుకుని చెప్పాడు. "'యాకూబూ, దర్వాజల మనుషులు తిరుగుతరు, ఆయం చూడాలె. గీ డబ్బాల తిరిగేది గాలే. గాలికేం ఆయం? నిన్న అన్నానికి లేవకుండ కూసోని గదే సోంచాయించిన. కానీ మీ అందరి ముంగట గాడిద అన్నంక ఎన్కకు ఎట్ల తగ్గాలె? నా బిడ్డ తప్పు తన మీద ఏస్కున్నది. జిందగిల లెక్క తప్పనిది, నాకోసం తప్పిన అన్నది' అన్నడు. గది చెప్పుకుంట ఏడ్సిండు బేటీ. నీకు చెప్పొద్దని ఒట్టు ఏయించుకున్నడు, బిడ్డకు శరమైతది, సిగ్గువడ్తదని."

తిరుగు బస్సులో డబ్బా నా కాళ్ల దగ్గరే పెట్టుకున్నాను. కండక్టర్ సామాను టికెట్ కొడుతూ ఇదేందక్కా అని అడిగితే డప్పు అన్నాను. ఇప్పుడు కార్లు కొన్నప్పుడే అన్నీ బిగించి వస్తున్నాయి, తలుపులు అట్టపెట్టెల్లో వస్తున్నాయి, నా తరగతిలో పిల్లలు ఎనిమిదితో భాగించడానికి ఫోన్ తీస్తారు. అవి రావడం తప్పని నేను అనను. మేం కోరుకున్న రాష్ట్రం కూడా వచ్చింది, మంచిచెడ్డలతో. కాని తండ్రీ బిడ్డా ఒకరి పరువు కోసం ఒకరు అబద్ధమాడుకుని, ఇద్దరూ తెలియనట్టు ఒకే చెక్కకు అటొకరు ఇటొకరు కూర్చుని పనిచేసిన ఆ సాయంత్రం లాంటిది నాకు మళ్లీ దొరకలేదు. నవ్వుకున్నాను, ఏడ్చాను. పక్క సీటావిడ పరేషానై నీళ్ల సీసా ఇచ్చింది.

మహబూబాబాద్‌లో మేం ఇల్లు కట్టుకుంటున్నప్పుడు దర్వాజ తానే చేస్తానని బాపు వచ్చాడు. ఆయన చేసిన ఆఖరి దర్వాజ అదే. మా ఇంటి ముందు కర్ర పరుచుకుని, కొలతలు పెట్టి, తల ఎత్తకుండా అడిగాడు. "ఎనభై ఒకటికి ముప్పై తొమ్మిది. ఎంత మిగిలింది బిడ్డా?"

"ఏడు బాపూ. ఏనుగు" అన్నాను.

నేను అబద్ధం చెప్పగలనని తెలిసిన మనిషి. లెక్క తానే చేసుకోగల మనిషి. మళ్లీ అడగలేదు. నేను చెప్పిన మాట మీద గీత గీసి, రంపం పెట్టాడు.